రఘునాథపల్లి నుంచి రేస్ ట్రాక్‌కు

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు పరుగెత్తాయి. చక్రాలు బయటికి కనిపించే ఆ ఒంటి సీటు కారును ఒక్కసారైనా నడపాలని మనసు పడ్డ పిల్లలు రఘునాథపల్లిలో ఉంటే, వాళ్లకు మొదటి మాట: ఊరి మీదుగా పోయే వరంగల్ హైవే ప్రాక్టీసు చేసే చోటు కాదు. ప్రాణం మీదికి తెచ్చుకోవడం తప్ప అక్కడ నేర్చుకునేది ఏమీ ఉండదు.

నేర్చుకోవాల్సింది కార్టింగ్‌లో. హైదరాబాద్ శివార్లలో గంటల లెక్కన కాకుండా ల్యాపుల లెక్కన కార్ట్‌లు అద్దెకిచ్చే ట్రాక్‌లున్నాయి. అద్దె కార్ట్‌కు గేర్లుండవు, క్లచ్ ఉండదు. కుడికాలి కింద యాక్సిలరేటర్, ఎడమకాలి కింద బ్రేకు. క్లచ్‌కు అలవాటుపడ్డ ఎడమకాలు మొదట్లో బ్రేకును ఒక్కసారిగా తన్నేస్తుంది, బండి గిర్రున తిరిగిపోతుంది. స్టీరింగ్ తిన్నగా ఉండగానే గట్టిగా బ్రేకు వేయాలి. మలుపు లోపలి అంచును ఒరుసుకుంటూ తిరిగి, బయటపడేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కాలి. ఇది ఒంటికి పట్టేదాకా పెద్ద కారు జోలికి పోవద్దు. ప్రతి ల్యాప్ టైమూ నోటుబుక్కులో రాసుకోండి. ఒక్క మెరుపు ల్యాప్ కన్నా వరసగా పది ల్యాపులు ఒకే టైములో తిప్పగలగడమే అసలు పనితనం.

తర్వాతి మెట్టు ఎల్‌జీబీ ఫార్ములా 4 అనే రేస్ సిరీస్. స్విఫ్ట్ కారు 1.3 లీటర్ ఇంజిన్, అందరికీ ఒకే రకం బండి. కాబట్టి తేడా డ్రైవర్‌దే. పోటీకి దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. రేసులు ఎక్కువగా కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతాయి. మారుతి 800 ఇంజిన్‌తో చవకగా ఫార్ములా మారుతి కారు తయారుచేసిన కరివర్ధన్ పేరు ఆ ట్రాక్‌ది. నరైన్ కార్తికేయన్ ఆ ఫార్ములా మారుతిలోనే మొదలుపెట్టి 2005లో ఫార్ములా వన్ చేరాడు. మన హైదరాబాద్ నుంచి అనిందిత్ రెడ్డి 2017లో యూరో జేకే అనే రేస్ సిరీస్‌లో ఛాంపియన్ అయ్యాడు.

ఇక డబ్బు. కారు కొనక్కర్లేదు, టీములే సీటు అద్దెకిస్తాయి. అయినా ఎంట్రీ ఫీజు, టైర్లు, గుద్దితే రిపేరు, అన్నీ మన జేబులోంచే. ఈ స్థాయిలో డ్రైవర్‌కు జీతం రాదు, స్పాన్సర్ దొరికితే అదృష్టం. ఉన్న ఎకరం అమ్మి మాత్రం దిగొద్దు, చదువూ ఆపొద్దు.

బతుకుతెరువుకు నేను గట్టిగా చెప్పే దారి వేరు. ఫార్ములా భారత్ పోటీలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఒంటి సీటు కారును తామే డిజైన్ చేసి, కట్టి, నడుపుతారు. అక్కడ వెల్డింగ్, సస్పెన్షన్, డేటా విశ్లేషణ నేర్చినవాళ్లకు రేస్ టీముల్లోనే కాదు, ఆటోమొబైల్ కంపెనీల్లోనూ పని దొరికే వీలుంది. బీటెక్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందే ఆ కాలేజీలో అలాంటి టీముందా, ఫస్టియర్ వాళ్లను వర్క్‌షాప్‌లోకి రానిస్తారా అని సీనియర్లను అడిగి తెలుసుకోండి.