పైత్యరస వర్ణకాలు – జీవజాలంలో వాటి పాత్ర

మన తెలుగులో ‘పచ్చ’ అనే మాట పసుపు రంగుకూ, ఆకు రంగుకూ చెల్లుతుంది. పైత్యరస వర్ణకాల విషయంలో ఈ మాట శాస్త్రానికి కూడా సరిపోతుంది. వాటిలో బిలివర్డిన్ ఆకుపచ్చనిది, బిలిరూబిన్ పసుపుపచ్చనిది.

మన ఎర్ర రక్తకణాల ఆయుష్షు సుమారు 120 దినాలు. అవి నశించినప్పుడు హీమోగ్లోబిన్‌లోని ‘హీమ్’ విచ్ఛిన్నమై మొదట బిలివర్డిన్‌గా, ఆపై బిలిరూబిన్‌గా మారుతుంది. దెబ్బ తగిలి కమిలిన చోట రంగులు మారడం మనమందరం చూచినదే. నీటిలో కరగని బిలిరూబిన్‌ను కాలేయం కరిగే రూపానికి మార్చి, పైత్యరసంతో ప్రేగులలోనికి పంపుతుంది. ఈ పని కుంటుపడితే కళ్ళు పచ్చబడతాయి. తెలుగులో కామెర్లు అనీ, ఉర్దూలో యర్ఖాన్ అనీ అనేది దీనినే. గోరువంక గ్రుడ్డుకు నీలివన్నె నిచ్చేది కూడా బిలివర్డినే.

మొక్కలకు కాలేయం లేదు. ఐనప్పటికీ అవి హీమ్ నుండి బిలివర్డిన్‌ను, దాని నుండి ఫైటోక్రోమోబిలిన్ అనే వర్ణకాన్ని తయారు చేసుకుంటాయి. ఇది ఒక ప్రోటీన్‌తో కూడి ‘ఫైటోక్రోమ్’ అవుతుంది. ఎర్రని కాంతి సోకగానే దీని ఆకారం మారుతుంది. చీకటిలో క్రమంగా పూర్వరూపానికి వస్తుంది. రాత్రి నిడివిని గుర్తించడానికి మొక్కకు ఇది తోడ్పడుతుంది. మన జహీరాబాద్ చేలలో తొలకరికి విత్తిన నాటు కంది, రాత్రులు పెరిగిన పిమ్మటనే పూతకు రావడంలోని మర్మమిదే. పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పగటి నిడివితో నిమిత్తం లేకుండా పూచే కంది రకాలకై కృషి చేశారు.

కాంతి బిలిరూబిన్ ఆకారాన్ని కూడా ఇట్లే మారుస్తుంది. ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో 1956లో జీన్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలిన శిశువు చర్మంపై పసుపుతనం తగ్గడాన్ని గమనించింది. 1958లో డాక్టర్ క్రెమర్, ఆయన సహచరులు దీపకాంతి చికిత్సను ప్రకటించారు. నీలికాంతి సోకిన బిలిరూబిన్, కాలేయం చేయవలసిన మార్పు లేకుండానే పైత్యరసంలో కలిసి వెలుపలికి పోతుంది.

విద్యార్థులారా! పసిపిల్లలలో చాలామందికి కొద్దిపాటి కామెర్లు వచ్చి, వాటంతటవే తగ్గుతాయి. కాని పుట్టిన 24 గంటలలోపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా, బిడ్డ పాలు త్రాగక మగతగా ఉన్నా ఆలస్యం తగదు. మితిమీరిన బిలిరూబిన్ మెదడుకు చేరితే వినికిడి పోవచ్చును. ప్రాణానికే ముప్పు రావచ్చును. పసరు పోయడం, వాత పెట్టడం బిడ్డకు హాని చేస్తాయి. కిటికీలోని ఎండ ఆసుపత్రి దీపానికి సాటి రాదు. అక్కడ రక్తపరీక్షను బట్టి కాంతిని, కాలాన్ని నిర్ణయిస్తారు. కనుక మన ఇంట, మన వాడలో పసిబిడ్డ కళ్ళు పచ్చబడినప్పుడు, పెద్దలకు నచ్చజెప్పి ముందుగా ఆసుపత్రికి చేర్చడం చదువుకున్న మన బాధ్యత.