విద్యుత్తు నడచు త్రోవ

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ అను పెనుతుఫాను విశాఖపట్టణము వద్ద తీరమును దాటెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి మహావృక్షములు కూకటివ్రేళ్లతో పెకలి పడెను. వేలకొలది విద్యుత్ స్తంభములు నేలకొరిగెను. నగరమంతయు చీకటిలో మునిగెను. రైలుమార్గము ప్రక్కనున్న మా కంచరపాలెమునకును ఆ చీకటి తప్పలేదు.

తుఫాను వెలిసిన మూడవనాడు మా వీథి మలుపులో తెగిన తీగ యొకటి నీటిమడుగులో పడియుండెను. నీళ్లబిందెలతో వచ్చిన స్త్రీలు దానిని దాటలేక నిలిచిపోయిరి. అది చూచి ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తీగను ప్రక్కకు లాగివేయుటకై ముందునకు వచ్చెను.

"ఆగు నాయనా! ముట్టవద్దు" అని నేను అరుగుమీదినుండి కేక వేసితిని.

"ఊరంతటను కరెంటు లేదు కదా, మాస్టారూ! భయమెందుకు?" అని అతడు నవ్వెను. అయినను నా మాట మన్నించి ఆగెను.

కొంతసేపటికి మరమ్మతు పనివారు వచ్చి తీగను పరీక్షించిరి. అందు విద్యుత్తు ఉన్నది! ప్రక్క వీథిలో ఎవరో జనరేటరును తెచ్చి ఇంటి తీగలకు తగిలించిరి. వీథి లైనుతో ఆ ఇంటికి గల సంబంధమును మాత్రము తప్పింపక విడిచిరి. ఆ విద్యుత్తు లైనులోనికి ఎదురు నడచి, తెగిన తీగ కొన వరకును వచ్చియుండెను.

బాలుని ముఖము వెలవెలబోయెను. కొంతసేపు ఊరకుండి అతడొక ప్రశ్న వేసెను: "మాస్టారూ! కాకులు దినమెల్ల తీగలపై కూర్చుండును. వాటికేమియు కాదు. నన్ను మాత్రము ఆ తీగ చంపునా?"

మంచి ప్రశ్న. విద్యుచ్ఛాస్త్రములోని మూలసూత్రములు పెక్కు దీని సమాధానములో ఇమిడియున్నవి.

విద్యార్థులారా! టార్చిలైటులో వాడు ఘటము నొకదానిని, చిన్న బల్బును, రెండు తీగముక్కలను తీసికొనుడు. ఘటము యొక్క ధనధ్రువమునుండి ఒక తీగను బల్బునకు కలుపుడు. బల్బు వెలుగదు. బల్బునుండి రెండవ తీగను ఋణధ్రువమునకు కలుపుడు. వెంటనే వెలుగును. ఏ చోట తీగను విడదీసినను ఆరిపోవును. దీనివలన తెలియునదేమి? విద్యుత్తు ప్రవహింపవలెనన్న, బయలుదేరిన చోటికి మరల చేరుటకు ఎడతెగని త్రోవ ఉండవలెను. ఈ త్రోవకే వలయమని పేరు. ఇంటిలోని స్విచ్చి చేయు పనియంతయు ఈ వలయమును కలుపుట, తెంచుట మాత్రమే. ఈ ప్రయోగమును ఘటముతోనే చేయవలెను గాని ఇంటి ప్లగ్గుతో ఎన్నడును చేయరాదు.

ఇప్పుడు కాకిని చూడుడు. దాని రెండు కాళ్లును ఒకే తీగపై నున్నవి. దాని దేహము గుండా పోయి విద్యుత్తు చేరదగిన వేరొక చోటు లేదు. కావున కాకి క్షేమముగా నుండును. అదే కాకి రెక్క చాచి ప్రక్క తీగను గాని, ఇనుప స్తంభమును గాని తాకినచో తత్‌క్షణమే చచ్చును. మనుష్యుని స్థితి వేరు. అతడు నేలపై నిలిచియుండును. వీథిలోని ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు తీగలలో ఒకదానిని భూమికి కలిపియుంచెదరు. అనగా భూమియే వలయములో నొక భాగము. నేలపై నిలిచి విద్యుత్తున్న తీగను ముట్టినవాడు తన దేహముతో ఆ వలయమును పూర్తిచేయుచున్నాడు.

అన్ని పదార్థములును విద్యుత్తునకు త్రోవ నీయవు. రాగి, అల్యూమినియము, ఇనుము మొదలగు లోహములు సులభముగా నిచ్చును. ఇవి వాహకములు. రబ్బరు, గాజు, పింగాణి మొదలగునవి ఈయవు. ఇవి బంధకములు. అందుచేతనే తీగలకు రబ్బరు వంటి తొడుగును, స్తంభములపై పింగాణి దిమ్మలను అమర్చెదరు.

ఎంత విద్యుత్తు ప్రవహించును? మేడపైనున్న నీళ్లట్యాంకును తలచుకొనుడు. ట్యాంకు ఎంత ఎత్తున నున్న, కొళాయిలో నీరు అంత వడిగా వచ్చును. గొట్టము సన్నమైనచో ధార తగ్గును. నీటిని త్రోయు ఎత్తువంటిది వోల్టేజి. దానిని వోల్టులలో కొలుతురు. ధారవంటిది ప్రవాహము. దానికి కొలత ఆంపియరు. గొట్టపు ఇరుకుదనము వంటిది నిరోధము. దానికి కొలత ఓము. 1827లో జర్మనీ దేశమున జార్జి సైమన్ ఓమ్ అను ఉపాధ్యాయుడు ఈ మూడింటికి గల సంబంధమును ప్రకటించెను: వోల్టులను ఓములచే భాగించిన ఆంపియర్లు వచ్చును.

ఈ లెక్కను మన దేహమునకు వేసి చూతము. ఇంటి సరఫరా 230 వోల్టులు. చర్మము బాగుగా పొడిగా నున్నపుడు నిరోధము 1,00,000 ఓములనుకొందము. ప్రవాహము 0.0023 ఆంపియరు, చురుక్కుమనును. చర్మము తడిసినపుడు నిరోధము 1,000 ఓములకు పడిపోవచ్చును. అపుడు ప్రవాహము 0.23 ఆంపియరు. పాతకాలపు 60 వాట్ల బల్బు వెలుగుటకు పట్టునదియు ఇంచుమించు ఇంతే. గుండె గుండా పోయిన ప్రవాహము 0.03 ఆంపియరును దాటినచో ప్రాణాపాయము. ఒక బల్బును వెలిగించు విద్యుత్తు ఒక ప్రాణమును తీయగలదు! పొడిచేతులకు భయము లేదని తలపరాదు. మన సముద్రతీరపు ఉక్కలో చెమట పట్టని చేయి ఏది?

"కరెంటు పట్టుకొనెను" అని జనులందురు. నిజమునకు తీగ మనలను పట్టుకొనదు. ప్రవాహమువలన మన కండరములే బిగుసుకొని తీగను పట్టుకొనును, విడువవలెనన్నను విడువలేము. అట్టివానిని రక్షింపవచ్చినవాడు చేతితో లాగినచో తానును వలయములో చేరును. మొదట మెయిను స్విచ్చి తీయవలెను. అది వీలుకానిచో, పొడినేలపై నిలిచి, బాగుగా ఎండిన కఱ్ఱతో ఇంటి తీగను త్రోసివేయవలెను.

ఫ్యూజు మనలను కాపాడునని కొందరి నమ్మకము. అది పొరపాటు. ప్రవాహము మితిమీరినపుడు ఫ్యూజుతీగ వేడెక్కి కరగి, ఇంటి తీగలు కాలకుండ కాపాడును. 5 ఆంపియర్ల ఫ్యూజు 0.23 ఆంపియరునకు కరగదు. మనిషిని కాపాడుటకు వేరు సాధనములు కలవు. మూడు కాళ్ల ప్లగ్గులోని పెద్దకాలు యంత్రపు లోహపు ఒడలిని భూమితో కలుపును. లోపలి తీగ తెగి ఒడలికి తగిలినచో విద్యుత్తు ఆ సులభమైన త్రోవనే భూమికి పోవును. 0.03 ఆంపియరు దారి తప్పినను కనిపెట్టి సరఫరాను తెంచు స్విచ్చులును ఇపుడు లభించుచున్నవి.

విద్యుత్తు ఎచటినుండి వచ్చిననేమి? అయస్కాంతమును తీగచుట్టవద్ద కదల్చిన విద్యుత్తు పుట్టునని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనుగొనెను. 1955లో ఉత్పత్తి ప్రారంభించిన మాచ్‌ఖండ్ కేంద్రమున జలధార చక్రమును త్రిప్పును. పరవాడ చెంతనున్న సింహాద్రి కేంద్రమున బొగ్గుమంటచే పుట్టిన ఆవిరి త్రిప్పును. ప్రక్క వీథిలోని జనరేటరును నూనె త్రిప్పినది. మూడింటికిని సూత్రమొక్కటే. పుట్టిన విద్యుత్తు త్రోవ దొరికినచోట ప్రవహించును. అది మిత్రుని, అమాయకుని ఎరుగదు.

కావున ఈ నియమములను మరువకుడు. తెగిన తీగ కనబడినచో, ఊరంతయు చీకటిగా నున్నను, అందు విద్యుత్తు ఉన్నదనియే తలపుడు. పది మీటర్ల దూరమున నిలిచి ఇతరులను హెచ్చరించుడు. 1912 సంఖ్యకు ఫోను చేయుడు. విద్యుత్ స్తంభమునకు బట్టలారవేయు ఇనుపతీగను కట్టకుడు. రైలుపెట్టెలపై ఎన్నడును ఎక్కకుడు. రైలుమార్గముపైనున్న తీగలలో 25,000 వోల్టులుండును. అంతటి వోల్టేజికి గాలియే త్రోవ యగును గనుక, ముట్టకున్నను దగ్గరకు పోయినవాడు దగ్ధమగును.

ఆనాటి బాలుడు ఇదంతయు విని ఇంటికి పోలేదు. నలుగురు మిత్రులను కూడగట్టి వీథివీథియు తిరిగెను. తెగిన తీగ కనబడిన ప్రతిచోటను, పనివారు వచ్చువరకు దూరమున నిలిచి, వచ్చిపోవువారిని వారించెను. తెలిసికొన్న విషయము పదిమంది ప్రాణములకు అడ్డుగా నిలిచినపుడే చదువు చదువనిపించుకొనును.

ప్రశ్నలు

1. వలయమనగానేమి? టార్చిలైటు ఘటముతో దానిని ఎట్లు చూపుదువు?
2. తీగపై కూర్చున్న కాకికి అపాయము లేకుండుటకు కారణమేమి?
3. ఫ్యూజు దేనిని కాపాడును? దేనిని కాపాడలేదు? లెక్కతో వివరింపుము.
4. ఊరిలో కరెంటు లేనపుడు కూడ తెగిన తీగను ఏల ముట్టరాదు?