ఎస్ప్రెసో యంత్రము – గుణదోష విచారణ

ఆదోని మార్కెట్టు యార్డులో పత్తి కొనువాడు మూటను పైపైన చూచి ధర చెప్పడు. చేయి లోపలికి పోనిచ్చి పిడికెడు దూదిని తీసి, వ్రేళ్ల నడుమ పింజను లాగి చూచును. ఎమ్మిగనూరులో చేనేత వస్త్రము కొను ఇల్లాలు అంచు మెరుపునకు లోబడదు. బట్టను వెలుతురునకు ఎత్తి నేత బిగువును గమనించును. వస్తువును పరీక్షించి కొనుట మన ప్రాంతమునకు క్రొత్త విద్య కాదు. అయినను విద్యుద్యంత్రము ఇంటికి వచ్చునప్పుడు మాత్రము ఈ విద్యను మనము ప్రక్కన పెట్టుచున్నాము. ధర హెచ్చు గనుక గుణము కూడ హెచ్చుగా నుండునని నమ్ముచున్నాము. ఈ వ్యాసమున ఒక ఖరీదైన కాఫీ యంత్రమును ఉదాహరణగా గైకొని, గృహోపయోగ దృష్టితో దాని విలువను కట్టు పద్ధతిని విచారింతుము.

దీనికొక కారణము కలదు. హొళగుందకు చెందిన మా పూర్వ విద్యార్థి యొకడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. మొదటి సంవత్సరపు జీతములో మిగిల్చిన లక్ష రూపాయలతో తల్లిదండ్రులకు ఒక ఎస్ప్రెసో యంత్రమును కొని ఈయదలచి మా సలహా కోరెను. తెల్లవారకమునుపే పొలమునకు పోవు తండ్రికొరకు తల్లి చీకటితో లేచి డికాక్షను దింపుచుండును. ఆ శ్రమ తప్పింపవలెనని అతని కోరిక. అతని చదువునకై ఆ యింటివారు చేసిన అప్పు ఇటీవలనే తీరినది. కావున ఆ లక్ష రూపాయల ప్రశ్న మాకు తేలికగా తోచలేదు.

పేరు, పుట్టుక

మన పెండ్లి పందిళ్లలో పొడవైన బాయిలరు నుండి ఆవిరిని బుస్సున పాలలోనికి వదలి, నురుగుపై చిటికెడు పొడి చల్లి యిచ్చు పానీయమును జనులు ‘ఎక్స్‌ప్రెసో’ అందురు. అది నీటిలో కరుగు కాఫీపొడిని ఆవిరితో కాచిన పాలలో కలిపినది. రుచికి లోటు లేదు గాని అది అసలైన ఎస్ప్రెసో కాదు. ఎస్ప్రెసో యనగా మెత్తగా విసరిన కాఫీపొడి గుండ వేడినీటిని గొప్ప ఒత్తిడితో పంపి, అడిగినవానికి అప్పటికప్పుడు తీసి యిచ్చు చిక్కని రసము.

కాఫీ చరిత్రలో మనకు దగ్గరి సంబంధము కలదు. 15వ శతాబ్దమున యెమెన్ దేశపు సూఫీలు రాత్రి జిక్ర్ సభలలో నిద్ర రాకుండుటకు ‘ఖహ్వా’ త్రాగిరి. 1511లో మక్కా నగరమున దీనిని నిషేధించిరి గాని ఆ నిషేధము నిలువలేదు. 17వ శతాబ్దమున బాబా బుడన్ అను సూఫీ యెమెను నుండి ఏడు గింజలను తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రసిద్ధి. ఆ కొండలకు నేటికిని ఆయన పేరే కలదు. మన రాష్ట్రమున అరకు లోయలో గిరిజన రైతులు పండించు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

యంత్రము మాత్రము ఇటలీలో పుట్టినది. 1884లో ట్యూరిన్ నగరవాసి ఆంజెలో మొరియొండో ఆవిరితో కాఫీ తీయు యంత్రమునకు పేటెంటు పొందెను. 1901లో మిలాన్ నగరమున లుయీజీ బెజ్జెరా దానిని ఒక్కొక్క కప్పు తీయుటకు అనువుగా మార్చెను. ఆ హక్కులను కొని డెసిడెరియో పవోని 1905లో యంత్రముల తయారీ ఆరంభించెను. ఆనాటి యంత్రములలో ఒత్తిడి అంతయు ఆవిరిదే. అది స్వల్పము, పైగా మితిమీరిన వేడి వలన కాఫీకి మాడు రుచి కలిగెడిది. 1938లో అకిల్లె గాజ్యా ఆవిరిని విడిచి ముషలకముతో నీటిని నెట్టు ఉపాయమునకు పేటెంటు పొందెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆయన రూపొందించిన మీట యంత్రముల తోనే కాఫీపై బంగారు వన్నె నురుగు కనబడినది. 1961లో ఫయేమా కంపెనీ వెలువరించిన ఇ-61 యంత్రమున మనిషి చేతిబలమునకు బదులు విద్యుత్ పంపు వచ్చినది. నేడు ఇండ్లకొరకు అమ్ము విలువైన యంత్రములలో పెక్కు దాని సంతతియే.

యంత్రము పనిచేయు విధము

ఇటలీలో స్థిరపడిన కొలత ప్రకారము ఒక కప్పునకు సుమారు 7 గ్రాముల పొడి, 9 బార్ల ఒత్తిడి, 25 సెకనుల కాలము, 25 మిల్లీలీటర్ల రసము. నీటి వేడి సుమారు 90 డిగ్రీల సెల్సియస్. అనగా మరుగుటకు కొంచెము తక్కువ.

తొమ్మిది బార్లు ఎంత? మన వంటింటి ప్రెషరు కుక్కరు ఈల వేయునప్పుడు అందులో వాతావరణపు ఒత్తిడిని మించి యుండునది సుమారు ఒక బారు. దానికి తొమ్మిది రెట్లు ఇచ్చట కావలెను. పొడిని నింపు జల్లెడ గిన్నె వ్యాసము సాధారణముగా 58 మిల్లీమీటర్లు. లెక్క వేసినచో ఆ చిన్న గిన్నెపై పడు బలము సుమారు 240 కిలోల బరువునకు సమానము. మూడు వడ్ల బస్తాలను పేర్చినను అంత కాదు. ఇంత బలముతో నీరు చొచ్చుకొని పోవును గనుకనే గంటసేపు పట్టు పని అర నిమిషములో ముగియుచున్నది.

యంత్రమున చూడవలసినవి

మొదటిది ఒత్తిడి. ప్రకటనలలో 15 బార్లు, 20 బార్లు అని పెద్ద అక్షరములతో వ్రాయుదురు. అది పంపు చేయగల గరిష్ఠబలమే గాని కాఫీకి కావలసినది కాదు. మంచి యంత్రమున హెచ్చు ఒత్తిడిని వెనుకకు మళ్లించి 9 వద్ద నిలుపు కవాటము ఉండును. పెద్ద అంకెను చూచి సంతసింపక, ఈ కవాటము కలదా, పీడనమాపకము కలదా అని అడుగవలెను.

రెండవది వేడి నిలకడ. మొదటి కప్పునకును మూడవ కప్పునకును నీటి వేడి మారరాదు. తక్కువైనచో పులుపు, ఎక్కువైనచో చేదు. ఖరీదు యంత్రమునకును చవుక యంత్రమునకును గల ముఖ్యభేదము ఇచ్చటనే.

మూడవది ఆవిరి. ఇటలీవాడు ఎస్ప్రెసోను తరచుగా పాలు లేకయే త్రాగును. మనము పాలలోనే త్రాగుదుము. కాఫీ తీయుటకు 90 డిగ్రీలు చాలును. ఆవిరికి 120 డిగ్రీలు దాటవలెను. ఒకే బాయిలరు గల యంత్రమున ఒక పని ముగించి రెండవదానికి వేచియుండవలెను. రెండు బాయిలర్లు గలదానిలో రెండు పనులును ఒకేసారి సాగును. నలుగురు అతిథులు కూర్చున్నప్పుడు ఈ భేదము తెలియును.

నాల్గవది విసరురాయి. దీనినే పెక్కుమంది మరతురు. ఎస్ప్రెసోకు పొడి మిక్కిలి మెత్తగాను, అన్ని రేణువులు సమానముగాను ఉండవలెను. మిక్సీ రెక్కలు గింజను నరకును; అందులో పిండియు ఉండును, రవ్వయు ఉండును. నీరు సులభమైన దారినే వెదకికొని రవ్వ యున్న చోట పారిపోవును. రెండు పండ్ల చక్రముల నడుమ నలుపు గ్రైండరు లేనిదే లక్ష రూపాయల యంత్రమైనను మంచి కాఫీ నీయదు. యంత్రముతోపాటు దీని ధరను కూడ కలిపియే లెక్క చూడవలెను.

ఐదవది మరమ్మతు. రబ్బరు వలయములు అరుగును, కవాటములు పూడుకొనును. విడిభాగములు దొరకునా, విప్పి బిగింపగలవారు ఎంత దూరమున ఉన్నారు అని కొనకమునుపే విచారింపవలెను.

ఇంటిలో చూడవలసినవి

యంత్రము మంచిదగుట వేరు, మన యింటికి మంచిదగుట వేరు. కావున మేము హొళగుందకు పోయి ఆ యింటిని చూచితిమి.

అచ్చట వాడుకకు బోరు నీరే ఆధారము. బక్కెటు అంచున తెల్లని పొర, సబ్బునకు నురుగు రాకపోవుట చూచి ఒక సీసాలో నీరు పట్టుకొని వచ్చి, రసాయనశాస్త్ర మిత్రుల సాయముతో కాఠిన్యమును కొలిపించితిమి. ఎస్ప్రెసో కాఫీకి లీటరునకు 50 నుండి 175 మిల్లీగ్రాముల కాఠిన్యము మేలని కాఫీ నిపుణులు చెప్పుదురు. ఆ నీరు ఆ హద్దును చాల దూరము దాటినది. ఇట్టి నీరు కాగినప్పుడు సున్నపు పొర బాయిలరులోను సన్నని గొట్టములలోను పేరుకొనును. మా బంధువుల యింట ఇట్లే ఒక యంత్రము సంవత్సరము తిరుగక మునుపే మూగవోయినది. బాగుచేయుటకు పెద్ద నగరమునకు పంపవలసి వచ్చి, రానుపోను రవాణాకే చాల సొమ్ము ఖర్చయినది. దుకాణములో దొరకు ఇరువది లీటర్ల డబ్బా నీరు వాడవచ్చునుగదా అందురేమో. అందులో లవణములు బొత్తిగా తగ్గినచో కాఫీ చప్పబడును. కొన్ని యంత్రములు నీటిమట్టమునే గుర్తింపజాలవు. రెండును తగుపాళ్లలో కలిపి వాడుట ఒక ఉపాయము.

తరువాత విద్యుత్తు. 1,500 వాట్ల యంత్రము 230 వోల్టులపై సుమారు 6.5 ఆంపియర్లు లాగును. ఆ వంటింట ఉన్నది 6 ఆంపియర్ల ప్లగ్గు. 16 ఆంపియర్ల ప్లగ్గును, దానికి తగిన తీగను వేయింపవలెను.

పాల విషయమున ఆ యింటికి భాగ్యమే కలదు; దొడ్డిలో ఎనుము కలదు. అయితే యంత్రపు నురుగునకు చల్లని పాలు మేలు. పచ్చిపాలను మన పద్ధతిలో కాచి, చల్లార్చి, తిరిగి ఆవిరితో 65 డిగ్రీల లోపున వేడి చేయవలెను. తల్లి పని ఒకటి తగ్గుటకు బదులు ఒకటి పెరుగును.

పొడి సంగతి కూడ అట్టిదే. అంగడిలో దొరకు పొట్లములలో చికోరీ కలిసియుండును. పాలు ఏమాత్రము కలదో పొట్లముపై వ్రాసియుండును. ఫిల్టరునకు విసరిన ఆ పొడి ఎస్ప్రెసోకు తగదు. వేయించి కొన్ని వారములే యైన గింజలు కావలెను; వానిని తెప్పించుకొనుచునే యుండవలెను.

ఇన్నింటిని మేము వివరించుచుండగా ఆ తల్లి శ్రద్ధగా వినెను. తుదకు ఒక్క ప్రశ్న వేసెను: “సార్, తెల్లారుజామున కరెంటు పోతే ఇది కాఫీ ఇస్తాదా?”

మా పట్టికలో ఆ ప్రశ్న లేదు.

లెక్క

ధరను కప్పులతో భాగించి చూడవలెను. ఉదాహరణకు యంత్రము, గ్రైండరు కలిసి 1,00,000 రూపాయలనియు, సంవత్సరమునకు మరమ్మతు 5,000 రూపాయలనియు అనుకొందము. పదేండ్లు మన్నినచో మొత్తము 1,50,000. దినమునకు నాలుగు కప్పుల చొప్పున పదేండ్లకు 14,600 కప్పులు. కప్పునకు యంత్రపు ఖర్చు సుమారు 10 రూపాయల 27 పైసలు. పొడి, పాలు, విద్యుత్తు దీనికి అదనము. ఐదేండ్లకే పాడైనచో 1,25,000ను 7,300తో భాగింపవలెను. కప్పునకు 17 రూపాయల 12 పైసలు. మొదటి మోజు తీరి, పదేండ్లును దినమునకు ఒక కప్పే తీసినచో 41 రూపాయలు దాటును. వేయి రూపాయల ఇత్తడి ఫిల్టరు పదేండ్లు నాలుగేసి కప్పుల చొప్పున పనిచేసినచో కప్పునకు 7 పైసలు.

దీనినిబట్టి యంత్రము వృథాయని చెప్పరాదు. దినమునకు పది కప్పులు త్రాగు ఉమ్మడి కుటుంబమునకు, మంచి నీరు, నమ్మదగిన విద్యుత్తు, తాజా గింజలు గల నగరవాసికి అది తగిన వస్తువే. ఉర్దూలో ‘ఇస్రాఫ్’ అను మాట కలదు. మితిమీరిన వ్యయమని దాని అర్థము. ఎక్కువ ధర పెట్టుట తనంతట ఇస్రాఫ్ కాదు. వాడుకకు రానిదానిపై పెట్టుట ఇస్రాఫ్.

నిర్ణయము

మేము ఆ విద్యార్థికి వ్రాసినది ఇది: యంత్రము మంచిదే, ఆ యింటికి నేడు తగదు. చేతితో త్రిప్పు మంచి గ్రైండరును, తాజా గింజలను కొని యిమ్ము. ఇత్తడి ఫిల్టరులో రాత్రియే పొడి వేసి నీరు పోసినచో తెల్లవారునప్పటికి డికాక్షను దిగియుండును, కరెంటుతో పనిలేదు. తల్లి శ్రమలో సగము ఇందుతోనే తీరును. ఎస్ప్రెసోకు దగ్గరి రుచి కోరినచో 1933లో ఇటలీలో పుట్టిన మోకా పాత్ర కలదు. గ్యాసు పొయ్యిపైనే పనిచేయును, ఒత్తిడి మాత్రము తక్కువ.

మరియొక మాట కూడ వ్రాసితిమి. యంత్రము కొరకు నీటిని పరీక్షించితిమి గాని, ఆ నీటినే ఆ యింటివారు ఏండ్ల తరబడి త్రాగుచున్నారు. కాఠిన్యము ఒక్కటే చూచి మంచిచెడ్డలు చెప్పరాదు. ఫ్లోరైడు మొదలైనవి కూడ ప్రయోగశాలలో పరీక్షింపించి, అవసరమైనచో నీటిశుద్ధికి ఆ సొమ్ములో కొంత వెచ్చింపుము. లోహపు బాయిలరు విషయమున చూపిన జాగ్రత్త తల్లిదండ్రుల విషయమున చూపుట ముందు పని.

అతడు కొంత చిన్నబుచ్చుకొనెను. తాను చూపదలచిన ప్రేమను మేము లెక్కలతో త్రోసివేసితిమని అతనికి తోచియుండును. అయినను నీటి పరీక్ష చేయించెను, గ్రైండరు పంపెను. యంత్రపు కోరికను ఇంకను విడువలేదు. ప్లగ్గు, నీరు అమరిన పిదప మరల అడుగుదునన్నాడు. అడుగవలసినదే.

విద్యార్థి మిత్రులారా, ఏ వస్తువు కొనబోయినను ఈ ప్రశ్నలు వేసికొనుడు. అది చేయు పని యేమి? ఆ పనికి కావలసిన నీరు, విద్యుత్తు, సరుకు మన యింట కలవా? చెడినచో బాగుచేయువాడు ఎచ్చట? దినమునకు ఎన్నిసార్లు వాడుదుము? దానివలన ఎవరి శ్రమ తగ్గును, ఎవరి శ్రమ పెరుగును? ఈ పట్టికను మేము చదివి వినిపించినప్పుడు ఆ విద్యార్థి తండ్రి నవ్వి యనిన మాటతో ముగింతుము: “బోరు మోటరు కొనేటప్పుడు మేము సూసేదీ ఇదే గదా సార్.”