చిన్నికి, నాచారం నుంచి

నాచారం,
ఆదివారం రాత్రి

చిన్నీ బిడ్డా,

హాస్టల్‌కు చేరానని నువ్వు పెట్టిన మెసేజ్‌లో ఒక్కటే మాట ఉన్నా, మీ అమ్మమ్మ దాన్ని నాకు రెండుసార్లు చదివి వినిపించింది. ఫోన్ చేయొచ్చు కదా తాతా అంటావు గానీ, ఫోన్లో నేను "తిన్నావా, నిద్రపోతున్నావా" దాటి ముందుకు పోలేనని నీకు తెలుసు. అందుకే కాగితం తీసుకున్నాను.

శుక్రవారం పొద్దుగూకాక నువ్వు ఉప్పల్ స్టేడియం నుంచి వచ్చి, ఆల్బమ్ బీరువాలో పెట్టేసి, అన్నం కూడా తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నావు. ఏమైందని నేను అడగలేదు. మర్నాడు అమ్మమ్మ నీకు తల దువ్వుతూ దువ్వుతూ సంగతంతా రాబట్టి నాకు చెప్పింది. ప్రాక్టీసు అయ్యాక ఆరెంజ్ జెర్సీ ఆటగాడొకడు బస్సెక్కబోతూ బారికేడ్ దగ్గరికి వచ్చాడట. నీ పక్కనున్న చిన్న పిల్లవాడి దగ్గర టోపీ ఉంది గానీ రాయడానికి ఏమీ లేదట. నువ్వు నీ మార్కర్ ఇచ్చావట. టోపీ మీద సంతకం అయింది. మార్కర్ మాత్రం ఆ చేతిలోంచి ఇంకో చేతిలోకి, అక్కణ్నుంచి మరో చేతిలోకి పోయింది. నీ కార్డు నీ చేతిలోనే ఉండగా బస్సు కదిలిపోయింది. మూడు గంటలు నిలబడ్డావు బిడ్డా, ఎండలో. నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ తర్వాత మళ్లీ ఆ పిల్లవాడి టోపీ గుర్తొచ్చింది. ఆ రోజంతా నేను ఆ రెండింటి మధ్యే తిరిగాను.

నీ కార్డుల పిచ్చి మీ మామ నుంచి వచ్చిందని మీ అమ్మ అంటుంది. ట్రంప్ కార్డులతో మొదలుపెట్టావు, ఎవరి మ్యాచ్‌లు ఎన్ని, ఎవరి హైయెస్ట్ స్కోర్ ఎంత అని నన్ను ఓడించి ఓడించి పకపకా నవ్వేదానివి. తర్వాత క్రికెట్ అటాక్స్ ప్యాకెట్లు వచ్చాయి. డబుల్ వచ్చిన కార్డులను హబ్సిగూడ నేస్తులతో మార్చుకునేదానివి. 2024 మార్చి 27న మనవాళ్లు ముంబై మీద 277 కొట్టిన రాత్రి మిద్దె మీదికెక్కి ఉప్పల్ వైపు లైట్ల వెలుగు చూస్తూ ఒక్కో సిక్సుకూ నా భుజం వాచేట్టు చరిచావు. హెడ్, అభిషేక్, క్లాసెన్ ముగ్గురి కార్డులూ ఆ రాత్రి నీ దిండు కిందే పడుకున్నాయి.

మీ మామ కాలంలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి. 1987 అక్టోబర్ 10న, రిలయన్స్ వరల్డ్ కప్‌లో న్యూజిలాండ్, జింబాబ్వే మ్యాచ్ మన లాల్ బహదూర్ స్టేడియంలో జరిగితే, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వాణ్ని తీసుకుపోయాను. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. 243 కొట్టాల్సిన జింబాబ్వేకు 104కే ఏడు వికెట్లు పోయాయి. చుట్టుపక్కలవాళ్లు లేచి వెళ్లిపోతుంటే మనమూ పోదామా అన్నాను, వాడు కదల్లేదు. అప్పుడు హౌటన్ అనే ఆయన, తోడుగా బుచార్ట్ అనే ఇంకొకాయన కలిసి 117 పరుగులు జోడించారు. 142 దగ్గర హౌటన్ గాల్లోకి లేపిన బంతిని మార్టిన్ క్రో వెనక్కి పరుగెత్తి పరుగెత్తి పట్టుకున్నాడు. మూడే మూడు పరుగులతో జింబాబ్వే ఓడిపోయింది. ఇంటికొచ్చేదాకా వాడు మాట్లాడలేదు. ఆ తర్వాత ఎంత గమ్ నమిలినా హౌటన్ బొమ్మ మాకు దొరకలేదు. దొరక్కపోతే వాడేం చేశాడో తెలుసా, ఎవరో పారేసిన సిగరెట్ పెట్టె అట్ట కత్తిరించి, దాని మీద పేపర్లో వచ్చిన ఫొటో అన్నం మెతుకులతో అంటించి, వెనక వంకర అక్షరాలతో 142 అని రాసుకున్నాడు. ఆ కార్డు ఇప్పటికీ రేకు డబ్బాలో ఉంది, నీకు చూపించాను కూడా. అమెరికాలో బేస్‌బాల్ కార్డులు మొదట్లో సిగరెట్ పెట్టెల్లోనే వచ్చేవని, పెట్టె నలగకుండా వేసే అట్టముక్క మీద ఆటగాళ్ల బొమ్మలు అచ్చువేసేవారని చాలా ఏళ్ల తర్వాత చదివినప్పుడు నాకు మీ మామ చేసిన అట్టే గుర్తొచ్చింది.

పోయిన నెల నువ్వు ఆ దేశపు సంగతే ఒకటి చెప్పావు. మికీ మాంటిల్ అనే ఆటగాడి 1952 నాటి టాప్స్ కార్డు 2022లో కోటీ ఇరవయ్యారు లక్షల డాలర్లకు, అంటే మన లెక్కలో దాదాపు వంద కోట్ల రూపాయలకు అమ్ముడుపోయిందని. చెబుతుంటే నీ కళ్లు పెద్దవయ్యాయి, నాకేమో కొంచెం గుబులైంది. ఆ 1952లో అమ్ముడుపోక మిగిలిన కార్డులను ఆ కంపెనీ మనిషే తర్వాతెప్పుడో పడవలో వేసుకుపోయి న్యూయార్క్ దగ్గర సముద్రంలో పారబోయించాడట. నీళ్లలో పడేసేనాడు అవీ అట్టముక్కలే కదా బిడ్డా. ధర తెలుసుకోవడం తప్పని నేననను. కానీ ఆ తర్వాతి వారం నువ్వు కార్డులను ఇష్టాన్ని బట్టి కాకుండా రేటును బట్టి వరసలో పెట్టుకుంటుంటే గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

ఇక నేను ఎవరికీ చెప్పని మాట ఒకటి. నా పాత ఆటోగ్రాఫ్ పుస్తకంలో, ఆ రంగురంగుల కాగితాల చిన్న పుస్తకంలో, రెండు పేజీలు కలిపి అంటించి ఉంటాయి. ఎందుకు తాతా అని చిన్నప్పుడు అడిగావు, తడిసి అంటుకున్నాయని చెప్పాను. తడవలేదు, నేనే జిగురు పూసి అంటించాను. అప్పటికి నేను అప్రెంటిస్‌ను, పెళ్లికాలేదు. మొయినుద్దౌలా గోల్డ్ కప్ మ్యాచ్‌లంటే సైకిలేసుకుని ఫతే మైదాన్‌కు పోయేవాణ్ని, జైసింహ కాలర్ పైకెత్తుకుని నడిచే తీరు చూడ్డానికే పోయిన రోజులూ ఉన్నాయి. ఒక సాయంత్రం ఒక ఆటగాడు గేటు దగ్గర ఆగితే, నాకు ముందు నిలబడ్డ పిల్లవాణ్ని మోచేత్తో పక్కకు తోసి నా పుస్తకం ముందుకు పెట్టాను. సంతకం దొరికింది. వెనక్కి తిరిగితే ఆ పిల్లవాడు కిందపడ్డ కాగితం దులుపుకుంటున్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ ఆటగాడు అప్పటికే వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి ఆ పేజీ రెండుసార్లు తెరిచి చూశాను, మూడోసారి తెరవబుద్ధి కాక అంటించేశాను. శుక్రవారం సంగతి అమ్మమ్మ చెబుతున్నప్పుడు నేనెందుకు లేచి వాకిట్లోకి పోయానో నీకు ఇప్పుడు అర్థమవుతుంది.

2009 నవంబర్ 5న సచిన్ మన ఉప్పల్‌లో ఆస్ట్రేలియా మీద 175 కొట్టిన రోజు కూడా గుర్తొస్తోంది. నీకప్పుడు రెండేళ్లు, అమ్మమ్మ ఒళ్లో నిద్రపోతున్నావు, నేనూ మీ మామా స్టేడియంలో ఉన్నాం. 351 కొట్టాలి, 347 దగ్గర ఆగిపోయాం. మళ్లీ మూడే పరుగులు! ఆ రాత్రి ఉప్పల్ నుంచి నాచారం దాకా జనం మధ్య నడిచొస్తుంటే, ముప్పయ్యేళ్లు దాటిన మీ మామ ఉన్నట్టుండి "నాన్నా, హౌటన్" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఇంటికి పోయేదాకా నా చేయి పట్టుకునే నడిచాడు.

నీ ఆల్బమ్ మొదటి పేజీ మిథాలీ రాజ్ కోసం ఖాళీగా ఉంచావు చూడు, నాకు అది ఎంతో ఇష్టం. మన సికింద్రాబాద్‌లో ఆట నేర్చుకుని వన్డేల్లో 7,805 పరుగులు చేసిన మనిషి. దాని పక్క పేజీ గొంగడి త్రిషకని పెన్సిల్‌తో రాసుకున్నావు. భద్రాచలం నుంచి వచ్చిన పిల్ల, 2025 అండర్-19 వరల్డ్ కప్‌లో సెంచరీ కొట్టింది, టోర్నమెంట్‌కే మేటి ఆటగత్తె అయింది. ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయని దిగులు పడకు, నిండే రోజు నిండుతాయి. నిండినప్పుడు ఎండ తగలనీయకు, సంతకం పడ్డ కార్డును లామినేషన్ చేయించకు, నున్నటి కార్డు మీద బాల్‌పెన్ జారిపోతుందని నీకే నేను చెప్పాలా! జనంలో మాత్రం బారికేడ్‌కు మరీ ఆనుకుని నిలబడకు, చీకటి పడితే మామకు ఫోన్ చెయ్, స్టేడియం మెట్రో స్టేషన్ దగ్గరికి బండి తెస్తాడు.

అమ్మమ్మ సకినాలు, గరిజెలు, చిన్న సీసాలో కొత్త తొక్కు కట్టింది. సకినాలు మీ గదిలో పిల్లలందరికీ సరిపోతాయి, ముందే దాచిపెట్టుకోకు. డబ్బా అడుగున పాత చీర ముక్కలో చుట్టి రెండు మార్కర్లు పెట్టాను. రెండూ రాస్తున్నాయో లేదో కాగితం మీద గీసి చూశాను, రాస్తున్నాయి.

మీ తాత