పి-విలువ చిన్నదైతే ఫలితం పెద్దదా?

గణాంకశాస్త్రం బిట్లలో అభ్యర్థులు తరచూ బోల్తాపడే చోటిది. పి-విలువ 0.05 కన్నా తక్కువ ఉంటే ఫలితానికి ‘గణాంక సార్థకత’ ఉందంటాం. శూన్య పరికల్పనే (అసలు తేడాయే లేదన్న ఊహే) నిజమైతే, ఇంత తేడా గానీ ఇంతకు మించిన తేడా గానీ కాకతాళీయంగా రావడం అరుదని దాని అర్థం. అంతవరకే. ‘ఫలితం నిజమయ్యే అవకాశం 95 శాతం’ అనే ఆప్షన్ కనిపిస్తే కొట్టేయండి.

1988లో వెలువడిన, అమెరికా వైద్యులపై జరిగిన ఆస్పిరిన్ అధ్యయనం చూడండి. రోజు విడిచి రోజు ఆస్పిరిన్ వేసుకున్న 11,037 మందిలో గుండెపోటు వచ్చింది 104 మందికి. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 11,034 మందిలో 189 మందికి. పి-విలువ 0.00001 కన్నా తక్కువ! ముప్పు దాదాపు 45 శాతం తగ్గిందంటే ఘనంగానే వినిపిస్తుంది. విడిగా లెక్కేస్తే 1.71 శాతం నుంచి 0.94కి, తేడా 0.77 శాతం పాయింట్లే. ఒక్క గుండెపోటు తప్పాలంటే సుమారు 130 మంది ఐదేళ్లపాటు మాత్ర మింగాలన్నమాట. మాత్ర చవకే కాబట్టి ఇదీ తీసిపారేసేది కాదు. కానీ రక్తస్రావం ముప్పునూ తక్కెడలో వేయాలి. ఆ తూకమే ‘ఆచరణ ప్రాధాన్యం’.

పి-విలువ ప్రభావం పరిమాణాన్ని కొలవదని 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రత్యేకంగా ప్రకటన చేయాల్సి వచ్చింది.