హన్నా చెప్పినది, చెప్పనిది

పాఠ్యభాగము: 1 సమూయేలు 1:9-18

ఈ నెల పాఠమునకు ముందు పై వాక్యభాగమును ఇంటిల్లపాది కలిసి చదువుకొనుడి. షిలోహు మందిరములో హన్నా ప్రార్థించుచున్నది. పెదవులు కదలుచున్నవే గాని స్వరము వినబడుట లేదు. స్తంభము దగ్గర కూర్చున్న యాజకుడైన ఏలీ ఆమె నోటివైపు చూచి, త్రాగి వచ్చినదని తలంచి మందలించెను. ఏలీ దుర్మార్గుడు కాడు. మందిరములో క్రమము చూచుట అతని పని. అయినను కంటికి కనబడినదానినే నమ్మి, కారణము అడుగక మునుపే తీర్పు తీర్చెను.

హన్నాకు మనోవ్యాధి యుండెనని నేను చెప్పుట లేదు. ఆమెకు కలిగినది దుఃఖము. కాని మనోవ్యాధితో బాధపడువారికి మన గ్రామములలో నలుగురి మధ్య జరుగుచున్నది ఇదే గనుక ఈ భాగమును తీసికొంటిని.

స్కిజోఫ్రీనియా అను వ్యాధి యొకటి కలదు. ఇది తరచుగా యౌవనకాలములో బయటపడును. ఇతరులకు వినబడని మాటలు రోగికి వినబడును. మనము పిలిచిన పిలుపు ఎంత నిజమో అతనికి అవియు అంత నిజము. ఎవరో తనకు కీడు తలపెట్టిరని గట్టిగా నమ్మవచ్చును. కొందరికి మాట తగ్గిపోవును; ముఖములో సంతోషముగాని దుఃఖముగాని కనబడదు; స్నానము మీదను బట్టల మీదను శ్రద్ధ పోవును. చూచువారు దీనిని సోమరితనమందురు. ఇది అంటువ్యాధి కాదు. తల్లి పెంపకపు లోపము వలన వచ్చినదియు కాదు. ఈ వ్యాధి గలవారిలో ఎక్కువమంది ఎవరి మీదను చేయి చేసికొనరు.

మందులను గూర్చియు తెలిసికొనవలెను. అవి మేలు చేయును. అయితే కొన్ని మందుల వలన కాళ్లకు నిలకడ పోయి, కూర్చున్నవాడు కూర్చుండలేక లేచి తిరుగవలసి వచ్చును. చేతులు వణకును, మగత కమ్మును, ఒళ్లు వచ్చును. (ఇట్టివి కలిగినప్పుడు డాక్టరుతో చెప్పవలెను, మందు మోతాదు మార్చుట డాక్టరు పని. మనంతట మనము మాన్పించినయెడల వ్యాధి తిరుగబెట్టును.) ఇప్పుడు ఆదివారపు ఆరాధనను తలంచుకొనుడి. ప్రసంగము మధ్యలో ఒక యౌవనస్థుడు మూడుసార్లు లేచి బయట చెట్టు క్రిందికి పోయి వచ్చును. "వాడికి భక్తి లేదు" అందురు. ప్రభువు బల్ల యొద్ద గిన్నె పట్టుకొన్న చెయ్యి వణకును. "తాగి వచ్చాడు" అని వెనుక వరుసలో గుసగుస పుట్టును. అక్షరాలా ఏలీ పడిన పొరబాటే గదా! ఆ గుసగుస తల్లి చెవిని పడిన తరువాత, వచ్చు ఆదివారము ఆ కుటుంబము ఇంటనే నిలిచిపోవును.

హన్నా ఏమి చేసెనో చూడుడి. ఆమె ఏడ్చుచు వెళ్లిపోలేదు, యాజకునితో జగడమాడలేదు. తాను త్రాగలేదనియు, మనస్సులోని వేదనను దేవుని యెదుట చెప్పుకొనుచున్నాననియు రెండు మూడు మాటలలో తెలియజెప్పెను. అయితే ఆమె చెప్పనిదానిని కూడ గమనించుడి. పిల్లలు లేరని చెప్పలేదు. పెనిన్నా ఏటేట తన్ను ఎట్లు విసికించెనో చెప్పలేదు. మ్రొక్కుబడి సంగతి ఎత్తనేలేదు. ఏలీ అపార్థము తొలగుటకు ఎంత కావలెనో అంతే చెప్పెను. ఏలీయు ఇంకేమియు అడుగలేదు. మనవి ఏమిటో తెలియకయే సమాధానముతో పొమ్మని దీవించెను.

రోగి యింటివారు ఈ కొలతను నేర్చుకొనవలెను. కొందరు పెండ్లికిగాని కూడికకుగాని బిడ్డను తీసికొని రాక గదిలో దాచుదురు. మరికొందరు ఎవరడిగినను మొదటినుండి కథంతయు వినిపింతురు. అది సాయంకాలమునకు ఊరంతయు చుట్టివచ్చును. చెప్పవలసినది ఇంతే: "అక్కా, మావాడికి మనసుకు సంబంధించిన జబ్బుంది, మందులు వాడుతున్నాడు. ఒకేసారి నలుగురు మాట్లాడితే తట్టుకోలేడు. మధ్యలో లేచి బయటికి వెళితే ఏమీ అనుకోవద్దు." జబ్బు ఉన్నదని చెప్పి, ఎదుటివారు ఏమి చేయవలెనో చెప్పితిరి. రోగము పేరు, ఆసుపత్రి కాగితములు, గడచిన సంవత్సరపు గొడవలు విందులో కూర్చున్నవారికి అక్కరలేదు.

అయితే ఆ మాట ఎవరిదో ఆ మనిషిని ముందు అడుగవలెను. అతడు నెమ్మదిగానున్న దినమున, "నీ సంగతి ఎవరికి చెప్పమంటావు, ఎంతవరకు చెప్పమంటావు?" అని అడుగుడి. తానే చెప్పుకొందునన్నయెడల మరి మంచిది. 2017లో చేయబడిన మానసిక ఆరోగ్య చట్టము కూడ రోగి వివరములను గోప్యముగా ఉంచుకొను హక్కు అతనికున్నదని చెప్పుచున్నది.

ఇక్కడ స్త్రీల సమాజపు సహోదరీలకు ఒక మాట. ప్రార్థనాంశమను పేరుతో కొండెము పోవుట మన కూడికలలో కొత్త కాదు. "ఫలానా వారబ్బాయికి మతి చెడిందట, ప్రార్థించండి" అని మైకులో చెప్పువారు అతని సెలవు తీసికొనిరా? మార్కు 7వ అధ్యాయములో ప్రభువు చెవిటివానిని జనసమూహములోనుండి ఏకాంతమునకు తీసికొనిపోయిన తరువాతనే ముట్టెను.

"పెండ్లి చేస్తే కుదురుకొంటాడు" అను సలహా యొకటి మన పెద్దల నోట ఎప్పుడును సిద్ధముగా నుండును. పెండ్లి ఈ వ్యాధికి మందు కాదు. మందులతో బాగుగానున్నవారు వివాహమాడి కాపురము చేయవచ్చును, చేయుచున్నారు. కాని పెండ్లికూతురింటివారికి వ్యాధి సంగతి దాచిపెట్టుట మోసము. ఇక్కడ మాత్రము కొంత చెప్పి కొంత దాచుటకు వీలులేదు, పూర్తిగా చెప్పవలెను.

దయ్యమనువారితో నేను దీర్ఘవాదము పెట్టుకొనను. ప్రార్థించుడి, మందులను మాత్రము ఆపకుడి. పౌలుతో కూడ లూకా అను వైద్యుడుండెను. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రయమునకు నిప్పంటుకొని 28 మంది మనోరోగులు చనిపోయిరి. వారు గొలుసులతో కట్టబడియుండిరి గనుక పారిపోలేకపోయిరి. స్వస్థత కలుగునని నమ్మి బంధువులే వారిని ఆ ఊరికి తెచ్చిరి. గొలుసులతో కట్టుటను పై చట్టము నిషేధించినది.

సంఘముగా మనము చేయగలిగినవి కష్టమైనవి కావు. తలుపు ప్రక్కన ఒక స్థలము అతనికి ఉంచుడి. లేచిపోయినప్పుడు తలలు త్రిప్పి చూడకుడి. డప్పులును మైకును కొంచెము తగ్గించుడి. గిన్నె సగమే నింపి ఇయ్యుడి. ఒక్కరే నెమ్మదిగా మాటలాడి, జవాబు వచ్చువరకు ఆగుడి. ఎవరో పిలుచుచున్నారని అతడనినయెడల, లేదని వాదింపకుడి, అవునని నటింపకుడి, "నాకు వినబడుట లేదు, నీకు భయముగా నున్నదా?" అని అడుగవచ్చును. బ్రదుకవలెనని లేదని అతడు చెప్పినయెడల ఒంటరిగా విడువకుడి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరుకు పగలైనను రాత్రియైనను ఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగులో మాటలాడుదురు. ప్రభుత్వ మానసిక వైద్యశాలలు హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ఉన్నవి. అక్కడికి పోవు దినమున ఆ తల్లి ఒక్కతెయే తెల్లవారు బస్సెక్కుచున్నదేమో విచారించుడి. చీటీ వరుసలో ఆమె నిలిచియుండగా, బిడ్డ ప్రక్కన కూర్చుండుటకు మరియొక మనిషి కావలెను.