నాన్‌జింగు కోటగోడ

చీనాదేశమున యాంగ్‌ట్జీ నదీతీరమందలి నాన్‌జింగు పట్టణమును చూడబోవువారిని మార్గదర్శకులు దక్షిణపు దిక్కున నున్న జోంగ్‌హువా ద్వారమునకు గొనిపోవుదురు. ఒకదాని వెనుక నొకటిగా నాలుగు ద్వారములును, సైనికులు దాగుటకు 27 గుహలవంటి గదులును నిచట గలవు.

అయినను నిలిచి చూడదగినవి యిచటి యిటుకలే. మింగు వంశస్థాపకుడగు హోంగ్‌వూ చక్రవర్తి 14వ శతాబ్దమున నీ గోడను గట్టించెను. దూరమండలములనుండి యిటుకలు పడవలపై వచ్చెను. పెక్కింటిమీద వానిని చేయించిన యధికారుల పేళ్లును, కాల్చినవారి పేళ్లును, అచ్చుపోసిన పనివాండ్ర పేళ్లును గూడ ముద్రింపబడియున్నవి. ఇది కీర్తికొఱకు గాదు. ఇటుక చెడినయెడల నెవరిని దండింపవలెనో తెలియుటకు! కఠినమైన యేర్పాటే, కాని యా కూలివాండ్ర పేళ్లు మనకు మిగిలినది దానివలననే. సుమారు 35 కిలోమీటర్ల గోడలో 25 నేటికిని నిలిచియున్నది.

1937 డిసెంబరున జపాను సేనలు ఫిరంగులతో నీ గోడను బ్రద్దలుకొట్టి నగరము జొచ్చి, నిరాయుధులను వేలకొలదిగా జంపిరి. పట్టణపు పడమటి భాగమున 1985లో దెఱవబడిన స్మారకశాలయందు మఱియొక గోడ గలదు. దానిపై జెక్కినవియు పేళ్లే; అవి యా హతులవి.